డాబా మీద ఆరోమాంష్ రేవు – ప్రాజెక్టు డైరీ

నవంబరు 3

ట్యాంకు ఈ రోజుకి పూర్తయింది. డాబా మీద ఇటుకలు పేర్చి, లోపల రొయ్యల చెరువుల్లో పరిచే నల్ల షీటు వేశాం. పొడవు 8 అడుగులు, వెడల్పు 4 అడుగులు. నీళ్లు, ఇసుక, ఇటుకలు అన్నీ కలిపితే టన్ను దాటుతుంది. అందుకే ముందు మేస్త్రిని పిలిచి చూపించి, సరిగ్గా బీముల మీదకు వచ్చేలా కట్టించాను. రాత్రంతా నీళ్లు నింపి ఉంచితే చుక్క కూడా కారలేదు.

ఇందులో కట్టబోయేది రెండో ప్రపంచ యుద్ధంలో, జర్మన్ల మీదకు దించిన సైన్యానికి సరుకు అందించడానికి బ్రిటిష్ వాళ్లు 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో, ఆరోమాంష్ అనే చిన్న ఊరి ముందు నిలబెట్టిన రేవు. బ్రిటన్‌లో ముక్కలుగా తయారుచేసి, టగ్గులతో సముద్రం మీద లాక్కొచ్చి, అక్కడ కలిపారు. దాని రహస్య పేరు మల్బరీ. హిందూపురంలో ఉండే మా పెద్దక్క ఫోన్‌లో ఈ పేరు వినగానే నేను పట్టుపురుగుల పెంపకం మొదలుపెట్టానేమో అనుకుంది. శత్రువు చెవిన పడ్డా ఏమీ అర్థం కాకూడదని అలాంటి పేర్లు పెట్టేవాళ్లు.

నాకు ఈ రేవు మీద ఇష్టం ఎక్కడ మొదలైందో చెప్పాలి. మాది సఖినేటిపల్లి వైపు. నరసాపురం వెళ్లాలంటే పంటు ఎక్కి గోదారి దాటాలి. సముద్రం దగ్గరే కాబట్టి అక్కడ నీళ్లకు పోటూ పాటూ ఉంటాయి. పోటు మీద ఉన్నప్పుడు బల్లలు దాదాపు సమంగా ఉంటాయి, సైకిలు తొక్కుకుంటూ ఎక్కేయొచ్చు. పాటులో అవే బల్లలు ఏటవాలుగా జారిపోతాయి, నాన్న స్కూటరు దిగి తోసేవాడు. నీళ్లు లేచి దిగే చోట ఒడ్డుకీ పడవకీ మధ్య దారి ఎలా వేయాలి అన్న ప్రశ్న నాకు అక్కడే పట్టుకుంది. ఆరోమాంష్ దగ్గర ఆ తేడా రెండు నిలువుల ఎత్తు కూడా దాటుతుంది. ఆ దారి మీద నుంచి లారీలు, యుద్ధ ట్యాంకులు నడవాలి.

నవంబరు 9

స్కేలు 1:100 అని తేల్చాం. మేనల్లుడు 1:72 అన్నాడు, ఆ సైజులో లారీ, ట్యాంకు బొమ్మలు తేలిగ్గా దొరుకుతాయని. కానీ 1:100లో మీటరు సెంటీమీటరవుతుంది, టన్ను గ్రామవుతుంది. లెక్కలన్నీ నోటితోనే అయిపోతాయి. పోటుపాట్ల తేడా 6.5 సెంటీమీటర్లు తీసుకున్నాం. మా ట్యాంకులో నీళ్లు అంత లేవాలంటే 190 లీటర్ల పైచిలుకు కావాలి, అంటే సరిగ్గా ఒక నీలం డ్రమ్ము. కూలర్లలో వాడే చిన్న మోటార్లు రెండు పెట్టాం. ఒకటి నింపుతుంది, ఒకటి తోడుతుంది. సముద్రం ఆరు గంటల్లో చేసే పని మాకు పావుగంటలో అవుతుంది.

అసలు రేవును వెంట తీసుకెళ్లాల్సిన అవసరం ఎందుకొచ్చిందని మేనల్లుడు అడిగాడు. వాడికి దియెప్ గురించి చెప్పాను. 1942 ఆగస్టు 19న ఫ్రాన్స్‌లోని దియెప్ రేవు మీద ఎక్కువగా కెనడా సైనికులతో దాడి చేయించారు. వాళ్లలో 900 మందికి పైగా చనిపోయారు. రేవు దక్కలేదు. జర్మన్లు కాపలా కాస్తున్న రేవును నేరుగా పట్టుకోవడం ఎంత కష్టమో ఆ ఒక్క రోజుతో తెలిసిపోయింది. లక్షల సైన్యాన్ని దించి, దానికి రోజూ తిండి, పెట్రోలు, మందుగుండు అందించాలంటే రేవు లేకుండా ఎలా? అందుకే ఖాళీగా ఉన్న ఇసుక తీరంలో దిగి, రేవును వెనకాలే లాక్కెళ్లాలన్న ఆలోచన బలపడింది. దియెప్‌కు ముందే, 1942 మే 30న, చర్చిల్ మౌంట్‌బాటెన్‌కు రాసిన చిన్న నోటులో ఈ విత్తనం ఉంది. పియర్లు, అంటే ఓడలు ఆగి సరుకు దించే వేదికలు, పోటుపాట్లతో పాటు లేచి దిగాలని, లంగరు సమస్యను జయించాలని, వాదిస్తూ కూర్చోవద్దని, కష్టాలు తమ వాదన తామే వినిపిస్తాయని ఆయన రాశాడు. లంగరు గురించి ఆయన అంత ముందే ప్రస్తావించడం నన్ను ఆశ్చర్యపరిచింది.

నవంబరు 17

మొదటి ఫీనిక్స్ పోత పోశాం. రేవు చుట్టూ కెరటాలను ఆపే గోడ కోసం ముంచిన కాంక్రీటు పెట్టెల పేరు ఫీనిక్స్. అన్నిటికన్నా పెద్ద రకం 200 అడుగుల పొడవు, 60 అడుగుల ఎత్తు, సుమారు 6,000 టన్నుల బరువు. అంటే మాది 61 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల ఎత్తు, 6 కిలోలు ఉండాలి. అసలు దాంట్లో లాగే లోపల అడ్డగోడలు పెట్టి గదులుగా విడదీశాం. గదుల కోసం థర్మోకోల్ దిమ్మలు, బయట అక్రిలిక్ షీటుతో సెంట్రింగ్, మధ్యలో స్టీలు దోమల జాలీ, జల్లించిన ఇసుకతో సిమెంటు.

వారం గోనె సంచులు కప్పి తడిపి, ఈ రోజు విప్పి తూచితే 8 కిలోల 700 గ్రాములు. నీళ్లలో దించితే 6 సెంటీమీటర్లు మునగాల్సింది 8.4 మునిగింది. గోడ మందం మూడున్నర మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట ఐదు దాటింది. దిమ్మలు కదలకుండా పట్టుకోవడం రాలేదు.

ఈ తేడా ఎంత ముఖ్యమో పోశాకే అర్థమైంది. ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఇన్ని పెట్టెలకు సరిపడా డ్రై డాకులు, అంటే నీళ్లు తోడేసి ఓడలు కట్టే గోతులు, లేవు. థేమ్స్ ఒడ్డున గోతులు తవ్వి, వాటి అడుగున పెట్టె కట్టడం మొదలుపెట్టి, తేలేంత అవగానే గట్టు తెంపి నదిలోకి తీసి, మిగతా ఎత్తు నీటి మీదే పోశారు. బరువు పెరిగితే పెట్టె గోతిలోంచే బయటికి రాదు. ఏ కొలత చూసినా వెనక ఇలాంటి కారణం ఒకటి ఉంటుంది. దాదాపు 150 పెట్టెలను 1943 చివర మొదలుపెట్టి 1944 వేసవి నాటికి సిద్ధం చేశారు. ఆ మేస్త్రీలు, వడ్రంగులు, కూలీల్లో చాలామందికి తాము కడుతున్నది ఏమిటో కూడా తెలియదు.

నవంబరు 30

రెండో పోత 6 కిలోల 150 గ్రాములు. ఆనందం చెప్పలేను. మూడోది 6 కిలోల 50. ఇక పెట్టెలు చాలు.

ముంచడం ఈ రోజు పని. సెలైన్ పైపు ముక్కలు తెచ్చి, వాటి రోలర్లనే వాల్వులుగా అమర్చాం. రోలర్ తిప్పగానే నీళ్లు ఒక వరస గదుల్లోకి త్వరగా వెళ్లాయి, రెండో వరసలోకి నెమ్మదిగా. పెట్టె ఒక పక్కకు ఒరిగి, మూల ముందు ఇసుకలో గుచ్చుకుని, అలాగే కూర్చుండిపోయింది. మళ్లీ తోడి తేల్చి, రెండు పక్కలా రోలర్లు సమానంగా తిప్పుతూ ముంచితే నాలుగోసారికి తిన్నగా దిగింది. ప్రవాహంలో, చీకట్లో, పైన విమానాలు తిరుగుతుండగా అసలు పెట్టెలను సరిగ్గా గీత మీద ముంచిన వాళ్ల చేతుల్ని తలుచుకున్నాను.

తిరిగి తేల్చడం ఇంకా కష్టం. ఇసుక అడుగును పట్టేసింది. నీళ్లన్నీ తోడినా పెట్టె లేవలేదు, ఒక చివర వేలితో కొద్దిగా కదిపితేనే గాలి బుడగలు వచ్చి తేలింది. ఇంగ్లండు తీరంలో సెల్సీ దగ్గర, డంజినెస్ దగ్గర ఫీనిక్స్‌లను దాడి రోజు వరకూ అడుగున ముంచి దాచారు. వాటిని మళ్లీ తోడి తేల్చడానికి చాలా తిప్పలు పడ్డారు. ఆ తిప్పలు ఎలాంటివో కొద్దిగా తెలిసింది.

వాకింగ్‌కి వెళ్లినప్పుడు డాల్ఫిన్స్ నోస్ వైపు చూస్తూ ఒక సంగతి గుర్తుచేసుకున్నాను. మన విశాఖ ఓడరేవు 1933లో మొదలైంది. దాన్ని కట్టేటప్పుడు ముఖద్వారం దగ్గర రెండు పాత ఓడలను ముంచి, రాళ్లు నింపి, అడ్డుకట్టగా వాడారు. నార్మండీలోనూ ఫీనిక్స్‌ల కన్నా ముందు జరిగిన పని అదే. సైన్యం దిగిన ఐదు తీరాల దగ్గరా పాత ఓడలను వరసగా ముంచి, వాటి చాటున చిన్న పడవలకు ప్రశాంతమైన నీళ్లు కల్పించారు. బ్రిటన్ యుద్ధనౌక సెంచూరియన్, ఇంజన్లు తీసేసిన ఫ్రెంచి యుద్ధనౌక కూర్బే, పోలండ్ క్రూయిజర్ డ్రాగన్ అలా చివరి చాకిరీ చేశాయి. రేవులో నీళ్లు నిశ్చలం కావాలంటే ఓడను ముంచడం మన ఊరికి కొత్త కాదన్నమాట. ఇది మేనల్లుడికి చెబితే పరుగెత్తుకుంటూ వెళ్లి వాళ్ల తాతకు చెప్పాడు.

డిసెంబరు 8

స్పడ్ పియర్ అయిపోయింది. ఇది ఓడ ఆగే వేదిక. నాలుగు మూలలా నాలుగు కాళ్లు, ఒక్కోటి 89 అడుగులు. కాళ్లు సముద్రపు అడుగున నిలబడతాయి, వేదిక వాటి వెంట పోటుకు పైకి, పాటుకు కిందికి జరుగుతుంది. మట్టి తోడే డ్రెడ్జర్ల కాళ్లను చూసి వచ్చిన ఆలోచన ఇది. స్టీలు కడ్డీలు, తేలే పెట్టె. పెద్ద ఇబ్బంది రాలేదు.

డిసెంబరు 21

ఈ రోజు బాగా నిరాశపడ్డాను.

వేదిక నుంచి ఒడ్డుకు నాలుగు స్పాన్ల, అంటే నాలుగు వంతెన ముక్కల రోడ్డు వేశాం. దీని పేరు వేల్. అసలు స్పాన్ 80 అడుగులు, 28 టన్నులు. మాది 24 సెంటీమీటర్ల పైన కొద్దిగా, 28 గ్రాములు. ఇత్తడి కడ్డీలు టంకం వేసి చేశాను. స్పాన్లు కలిసే చోట కింద బీటిల్ అనే పంటు ఒకటి ఉంటుంది. మూడు బీటిళ్లు పోత పోశాం. స్పాన్ల మధ్య తలుపు కీలు లాంటిది పెట్టాను. పోటు నింపితే రోడ్డు చక్కగా లేచింది, పాటుకు దిగింది. చూడముచ్చటగా ఉంది.

తర్వాత కెరటాలు పెట్టాం. చివర్న ప్లైవుడ్ పలకను గేర్ మోటారుతో ఊపుతాం. స్కేలు 1:100 అయితే కాలం దాని వర్గమూలం మేరకు, అంటే పది వంతులకు తగ్గుతుంది. ఐదున్నర సెకన్లకోసారి వచ్చే కెరటం మాకు అర సెకనుకు కాస్త పైన. రెండు నిమిషాలు బాగానే ఉంది. కెరటం ఏటవాలుగా తగిలేసరికి ఒక బీటిల్ కుడికి ఒరిగింది, పక్కది ఎడమకి. మధ్య స్పాన్‌కు మెలిపడింది. కీలు పైకీ కిందికీ మాత్రమే తిరుగుతుంది, మెలిపడనివ్వదు. టిక్కుమని రెండు టంకాలు ఊడిపోయి స్పాన్ నీళ్లలో పడింది. మూడు వారాల పని.

రాత్రి స్కాట్లాండ్‌లోని గార్లీస్టన్ పరీక్షల గురించి మళ్లీ చదివాను. అక్కడ ఒడ్డుకు వేసే ఈ దారి కోసం మూడు రకాలు పోటీపడ్డాయి. వేల్స్‌కు చెందిన ఇంజినీరు ఇయోరిస్ హ్యూస్ చేసిన బరువైన కాంక్రీటు దిమ్మలు, వాటి మీద వంతెన. కాన్వాసు, కర్రలతో చేసి నీటి మీద చాపలా పరిచే స్విస్ రోల్. ఇంజినీరు అలన్ బెకెట్ గీసిన ఈ తేలే రోడ్డు. తుఫాను వచ్చింది. దిమ్మల కింద ఇసుక కొట్టుకుపోయి వంతెన కూలింది. చాప కొట్టుకుపోయింది. బెకెట్ రోడ్డు మాత్రం నిలిచింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. స్పాన్లు కలిసే చోట గుండ్రటి బేరింగులు పెట్టాడు, స్పాన్ కూడా మెలితిరిగేలా గీశాడు. పోటుపాట్లకు దూరం మారితే సర్దుకోవడానికి మధ్యమధ్య సాగి ముడుచుకునే స్పాన్లు పెట్టాడు. సముద్రం ఎటు లాగితే అటు కాస్త వెళ్లనిచ్చి, తెగకుండా మాత్రం చూసుకున్నాడు. నేను అచ్చంగా ఆ ఒక్క విషయంలోనే మొండితనం చేశాను.

జనవరి 4

గుండ్రటి జాయింటు కోసం ఊరంతా తిరిగాను. బొమ్మ కార్ల షాపులో దొరికినవి మరీ పెద్దవి. చివరికి అమ్మ కుట్టుమిషను డబ్బాలో దొరికింది జవాబు. జాకెట్లకు వేసే టిచ్ బటన్లు. ఒకదానికి బుడిపె, ఒకదానికి గుంట. గుంట అంచును సన్న ఆకురాయితో కొద్దిగా అరగదీస్తే బుడిపె అందులో అన్ని వైపులకూ ఒరుగుతుంది, కానీ లాగితే ఊడదు. ఎంత అరగదీయాలన్నది చేతికే తెలియాలి. పన్నెండు జతలు పాడయ్యాక నాలుగు సరిగ్గా కుదిరాయి. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, టంకం వేసేటప్పుడు పట్టకారుతో పట్టుకుని కూర్చుంది.

స్పాన్ కూడా మళ్లీ చేశాను. అడ్డకడ్డీలను అన్ని చోట్లా టంకం వేయకుండా ఒక పక్క కొక్కేల్లా వదిలేశాను. ఇప్పుడు చేత్తో పట్టి మెలిపెడితే తడి తువ్వాలులా తిరిగి మళ్లీ నిఠారుగా అవుతుంది.

కెరటాలు పెట్టాం. రోడ్డు పాములా కదిలింది. ఒక బీటిల్ ఇటు, ఒకటి అటు, మధ్యలో స్పాన్ మెలితిరుగుతూ. పది నిమిషాలు. అరగంట. ఏదీ ఊడలేదు. మేనల్లుడు 25 గ్రాముల లారీ బొమ్మను దారంతో లాగాడు. అది ఒక్కో బీటిల్ మీదకు రాగానే ఆ బీటిల్ కొద్దిగా మునిగి, దాటగానే లేచింది. ఆ మునగడం, లేవడం చూస్తుంటే సఖినేటిపల్లి రేవులో బస్సు ఎక్కినప్పుడు పంటు ఒక పక్క దిగడం గుర్తొచ్చింది. ఈ సాయంత్రం మర్చిపోను.

జనవరి 12

మధ్యాహ్నం అంతా బాగానే ఉన్న రోడ్డు, సాయంత్రం కెరటాల వేగం మార్చేసరికి విల్లులా వంగి ఒక పక్కకు కొట్టుకుపోయింది. బీటిళ్లకు లంగరుగా సీసపు ముక్కలు కట్టాం, అవి ఇసుక మీద జారిపోతున్నాయి.

పక్కింటి సరంగు తాత వచ్చి చూశాడు. ఫిషింగ్ హార్బర్‌లో నలభై ఏళ్లు బోటు నడిపిన మనిషి. తాడు పట్టుకుని లాగి చూసి, "బరువు కట్టేస్తే ఆగదు బాబూ. లంగరంటే లాగేకొద్దీ లోపలికి దిగాల. తాడు కూడా ఇంత పొట్టిగా ఉంటే పైకి లాగేస్తది. పొడుగ్గా ఇడిచిపెట్టు," అన్నాడు.

బెకెట్ లంగరు ఆకారం అచ్చం ఆయన చెప్పినట్టే ఉంటుంది. దాన్ని కైట్ లంగరు అన్నారు, కైట్ అంటే గాలిపటం. లాగేకొద్దీ ఇసుకలోకి ఇంకా దిగుతుంది. ఇత్తడి రేకు కత్తిరించి, బొటనవేలి గోరంతవి ఆరు చేశాను. తాడు మూడింతలు పొడవు పెట్టాం. ఇసుక రేణువులు మాత్రం స్కేలుకు తగ్గవు, కాబట్టి ఇక్కడి పట్టు అసలు దానితో సరిపోల్చలేం. అయినా రోడ్డు తిన్నగా నిలిచింది. తాతకి టీ ఇచ్చి అరగంట కూర్చోబెట్టాను. నార్మండీ సంగతి మొత్తం విని, "అంత రోడ్డు నీళ్ల మీద ఏసినోళ్లు సరంగుల్ని అడిగే ఏసుంటారు," అన్నాడు.

జనవరి 26

తుఫాను పరీక్ష.

అసలు కథ ముందు రాసుకుంటాను. రెండు మల్బరీలు కట్టారు. ఒకటి ఒమాహా తీరంలో అమెరికన్లది, రెండోది ఆరోమాంష్‌లో బ్రిటిష్‌ది. రెండూ కలిపి రోజుకు 12,000 టన్నుల సరుకు, 2,500 వాహనాలు దించాలన్నది లెక్క. జూన్ 6న సైన్యం దిగింది, మర్నాటి నుంచే రేవు పని మొదలైంది. అమెరికన్లు తమ పియర్‌ను చాలా వేగంగా వాడకంలోకి తెచ్చారు. జూన్ 19న ఈశాన్యం నుంచి గాలి లేచింది, 22 దాకా తగ్గలేదు. ఒమాహా రేవు ఛిద్రమైపోయింది, మళ్లీ కట్టలేదు. పనికొచ్చే ముక్కల్ని ఆరోమాంష్‌కు తరలించారు. ఆరోమాంష్ రేవు దెబ్బతిన్నా నిలిచింది. అక్కడ కాల్వాడోస్ రాతి గుట్టలు కొంత కాపు కాశాయి.

బయటి వరసలో బాంబార్డన్‌లనే తేలే ఉక్కు అడ్డులు ఉండేవి. 10 అడుగుల ఎత్తు, 150 అడుగుల పొడవు కెరటాలకు వాటిని చేశారు. వచ్చినవి అంతకన్నా ఎత్తు, ఇంకా చాలా పొడవు. కెరటం పొడవు పెరిగితే తేలే అడ్డు దాన్ని ఆపలేదు, దాంతో పాటే లేచి దిగుతుంది. గొలుసులు తెగి, లోపలి నిర్మాణాల మీదే వచ్చి పడ్డాయి.

మేం అదే చేశాం. కార్డ్‌బోర్డు అంత తేలికైన అల్యూమినియం ముక్కతో బాంబార్డన్ చేసి బయట కట్టాం. మోటారు నిమిషానికి 110 తిప్పులు తిరిగితే దాని వెనక నీళ్లు నిజంగానే తగ్గాయి. 78కి తగ్గిస్తే కెరటం పొడవైంది, ముక్క ఏమీ ఆపకుండా ఊగుతూ కూర్చుంది. నాలుగో నిమిషంలో దారం తెగి వచ్చి ఫీనిక్స్‌ను ఠంగుమని కొట్టింది. మూల పెచ్చు ఊడింది. ఊరికే ఊహించుకోవడం వేరు, ఆ చప్పుడు వినడం వేరు.

ఫీనిక్స్‌ల మధ్య వదిలిన జానెడు దారిలోంచి కెరటాలు లోపలికి వచ్చి రోడ్డును తాకాయి. మూడు గంటలు మోటారు ఆపలేదు. మూడు సార్లు పోటు, మూడు సార్లు పాటు. టెన్షన్‌తో భోజనం కూడా డాబా మీదే తిన్నాం. ఒక టిచ్ బటన్ ఊడింది, మిగతా అంతా నిలిచింది.

ఒమాహాలో రేవు పోయాక ఓడలను నేరుగా ఇసుక మీదకు ఎక్కించి, పాటులో ఆరబెట్టి, సరుకు దించారు, బోలెడంత దించారు. కాబట్టి మల్బరీలు అనవసరం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఫ్రాన్స్‌లోని షెర్బూర్ రేవు జూన్ చివర చేతికొచ్చేసరికి జర్మన్లు దాన్ని బాగా ధ్వంసం చేసి వెళ్లారు. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులోకి ఓడలు వచ్చింది నవంబరు చివర. మూడు నెలలకని కట్టిన ఆరోమాంష్ రేవు ఆ శరదృతువు దాకా పని చేస్తూనే ఉంది. పైగా రేవు వెంటే వస్తుందన్న ధైర్యం లేకపోతే నార్మండీ ఇసుకను ఎంచుకునేవాళ్లు కాదని నా నమ్మకం.

ఫిబ్రవరి 2

ట్యాంకు ఖాళీ చేశాం. ఫీనిక్స్‌లు రెండూ మెట్ల కింద పెట్టాను. అసలు పెట్టెల్లో నాలుగు 1953 వరదలప్పుడు నెదర్లాండ్స్‌లో తెగిన కట్టను మూయడానికి వెళ్లాయి, ఇప్పుడు అక్కడ మ్యూజియంగా ఉన్నాయి. వేల్ స్పాన్లు ఫ్రాన్స్‌లో విరిగిన వంతెనల చోట వేశారు. నా స్పాన్లు నాలుగూ మేనల్లుడి కాలేజీ ఎగ్జిబిషన్‌కు వెళ్తున్నాయి.

నీళ్లు పోయాక సీసపు ముక్కలు ఇసుక మీద కనిపించాయి, చేత్తో ఏరేశాను. ఇత్తడి కైట్ లంగర్లు ఒక్కటీ కనబడలేదు. తాడు పట్టుకుని లాగితే తాడే తెగేలా ఉంది. తాడు వెంట వేళ్లు దించుతూ తవ్వితే మొదటిది నాలుగు సెంటీమీటర్ల లోతున దొరికింది. ఐదు తీశాం. ఆరోదాని కోసం రేపు ఇసుక మొత్తం జల్లెడ పట్టాలి.